ఇరవై నాలుగో గొట్టం

ట్యూబు చివరను పెదాలకు ఆనించి జుంబెరి మెల్లిగా ఊదాడు. ఏమీ వినిపించలేదు. ట్యూబును గొట్టంలోకి ఇంకో వేలెడు దింపి మళ్ళీ ఊదాడు. ఈసారి లోపల చీకట్లో ఎక్కడో నీళ్ళు బుడబుడమన్నాయి. నోటినిండా పాలున్న చంటిపిల్ల నవ్వబోయినట్టుండే ఆ చప్పుడంటే అతనికి తొమ్మిదేళ్ళుగా ఒకటే మురిపెం. గొట్టం అంచు తగిలినచోట ట్యూబును బొటనవేలితో నొక్కిపట్టి, పైకి లాగి, దానిమీద తానే సిరాతో గీసుకున్న గీతలు చూశాడు. నూట యాభై తొమ్మిది సెంటీమీటర్లు.

ఇంటి వెనక పెరట్లో ఉన్న ఆ తెల్లటి ప్లాస్టిక్ గొట్టం ఏడో బ్లాకులో ఒకటో నంబరు. ఇలాంటివి ఇంకా ఇరవై మూడు అడవిలోకి వరసగా పాతి ఉన్నాయి. పదిహేను రోజులకొకసారి అన్నింట్లోనూ నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో చూసి రాయడం అతని పని. ఈ ఒకటో దాన్ని మాత్రం రోజూ చూస్తాడు, టీ నోట్లో పడకముందే. ఎవరూ చూడమనలేదు. ఆ చప్పుడు వింటే పొద్దు బాగా మొదలైనట్టుంటుంది, అంతే.

పుస్తకం తెరిచాడు. ఆఫీసు అచ్చు వేసి పంపిన కాగితాలు. మొదటి గడిలో ట్యూబు కొలత. రెండో గడిలో గొట్టం నేలపైన ఉన్న ఎత్తు. అది రాయక్కర్లేదు, ప్రతి వరసలోనూ వంద అని అచ్చయ్యే వచ్చింది. మొదటిదాంట్లోంచి రెండోది తీసేసి మూడో గడిలో వేయాలి. నేల కింద నీటి లోతు అదే. ఈ రోజు యాభై తొమ్మిది. నలభై దాటకూడదని సర్కారు నియమం.

పెన్సిలు మూడో గడి మీద ఆగిపోయింది. యాభై తొమ్మిది బదులు ముప్ఫై తొమ్మిది. ఎంతసేపు పని? చూసేవాళ్ళెవరు? పక్క వీధి వాళ్ళు వారం నుంచీ అదే చెబుతున్నారు. అతని మెడ వెనక చెమట పట్టింది. సూర్యుడింకా రేగుపండంత ఎర్రగా, చల్లగానే ఉన్నాడు.

వంటింట్లో మసితా దగ్గింది. ఒకటి, రెండు, మూడు. ఆగింది. అతను ఊపిరి బిగబట్టి నాలుగోదాని కోసం విన్నాడు. రాలేదు.

యాభై తొమ్మిది అని రాశాడు.

"ఏమయ్యా, దానితో ముచ్చట్లయ్యాయా? టీ చల్లారిపోతోంది" అంటూ మసితా గుమ్మంలోకి వచ్చింది. చేతిలో గరిటె, దాని మీద ఎర్రటి పులుసు. ఆవిడ కళ్ళు గొట్టం పక్కన నిలబడ్డ మొగుడి మీద కాసేపు ఆగాయి. "పెళ్ళినాడు నా పక్కన నిలబడితే పోకచెట్టంత ఉన్నావు. ఆ గొట్టం పాతిన రోజు నీ బొడ్డు దాకా ఉండేది. ఇప్పుడు చూడు, రొమ్ము దాకా వచ్చింది. ఇలాగే కుదించుకుపో, ఇంకో పదేళ్ళకు నిన్ను బుట్టలో వేసుకుని సంతకెళ్తా."

"నువ్వు మాత్రం? అప్పుడూ నా భుజానికే ఉన్నావు, ఇప్పుడూ నా భుజానికే ఉన్నావు."

"నేనూ నీతోపాటే తగ్గుతున్నా. నిన్నొక్కణ్ణీ తగ్గనిస్తానా?"

ఇద్దరూ నవ్వారు. నవ్వు ఎక్కువైతే ఆవిడకు దగ్గు వస్తుంది కాబట్టి ఇద్దరికీ ఎక్కడ ఆపాలో తెలుసు. నలభై ఏళ్ళ కాపురంలో నేర్చుకున్నవాటిలో అదీ ఒకటి.

పసుపన్నం మీద కొర్రమీను ఎర్రపులుసు, పక్కన వేయించిన కెలకాయ్ ఆకుకూర చిగుళ్ళు. జుంబెరి ఎడంచేయి ఒళ్ళో పెట్టుకుని తిన్నాడు. మూడు రోజులుగా ఆ భుజం లాగుతోంది. పడవ తెడ్డు ఎక్కువ వేశాననుకున్నాడు. ఆవిడకు చెప్పలేదు.

ఆ ఊరు కట్టింది గంబుత్ నేల మీద. వేల ఏళ్ళ ఆకులూ కొమ్మలూ నీళ్ళలో నాని నాని నల్లగా పేరుకున్న నేల అది. తడిగా ఉన్నన్నాళ్ళు మెత్తటి పరుపు. ఎండితే పొయ్యిలో కట్టె. దుంగలు తేల్చుకుపోవడానికి ఒకప్పుడు కలప కంపెనీ అడవిలోకి కాలువ తవ్వించింది. తవ్వినవాళ్ళలో జుంబెరి ఒకడు. అప్పుడతని కండలు చూసి మేస్త్రీ రెండు పారలు ఇచ్చేవాడు. కాలువ నేలలోని నీటినంతా నదిలోకి లాగేసింది. పదేళ్ళ కింద ఎండాకాలం నేలే అంటుకుంది. మంట కనబడకుండా కిందికిందనే కాలుతూ, రెండున్నర నెలలు పొగ. పట్టపగలు ఎదురింటి దీపం కనిపించేది కాదు. ఆ పొగలో మసితా ఊపిరితిత్తులు పాడయ్యాయి. "ఇంకో పొగ ఏడాది ఈమె తట్టుకోలేదు" అని పట్నం డాక్టరు అతన్ని బయటికి పిలిచి చెప్పాడు. అతను ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆవిడకు తెలుసన్న సంగతి కూడా అతనికి తెలుసు.

మరుసటేడు రాష్ట్ర సర్కారు కాలువకు అడ్డంగా ఆరు అడ్డుకట్టలు వేయించింది, నీరు నేలలో నిలవడానికి. నిలుస్తోందో లేదో చూడ్డానికి ఈ గొట్టాలు పాతారు. గంబుత్ మీద కూరుకుపోకుండా నడవగలిగేవాడు కావాలన్నారు. ఊరు జుంబెరిని చూపించింది.

ఇప్పుడు ఆ పనులన్నీ ఎలా సాగాయో చూడమని ఒక స్వతంత్ర సమీక్ష బృందాన్ని వేశారు. వాళ్ళు సర్కారు మనుషులూ కారు, కాలువ మళ్ళీ తెరవమని అడుగుతున్న పామాయిల్ తోటలవాళ్ళ మనుషులూ కారు. వాళ్ళ ముసాయిదా ఒకటి వారం కింద ఊరి పెద్ద ఇంటికి వచ్చింది. అందులో ఏడో బ్లాకు గురించి ఒక్కటే వాక్యం: నీటిమట్టం ఏటేటా దిగజారుతోంది, అడ్డుకట్టల వల్ల ఫలితం లేదు, తొలగించవచ్చు. దిగజారుతోందని ఎవరి లెక్కలు చూసి రాశారు? జుంబెరి లెక్కలు చూసే.

ముసాయిదాను మూసేయకముందు ఒక్కసారి కళ్ళతో చూసిపోవడానికి వాళ్ళు ఈ రోజు వస్తున్నారు.

"మూడో గడిలో అంకె మార్చమంటున్నారు మసితా, అందరూ" అన్నాడు అతను, చెయ్యి కడుక్కుంటూ.

ఆవిడ అతని వీపు మీద చొక్కా సర్ది, "నలభై ఏళ్ళలో నాకొక్క అబద్ధం సరిగ్గా చెప్పలేకపోయావు. చదువుకున్నవాళ్ళకు చెబుతావా? పో, పడవ వచ్చే వేళయింది" అంది.

*

పడవలోంచి ఇద్దరు దిగారు. ముందు దిగినావిడ నింగ్రుమ్, సమీక్షకు పెద్ద. యాభై దాటిన జావా దీవి మనిషి, సన్నగా, చెవుల వెనక్కి గట్టిగా బిగించిన ముసుగుతో, మడత నలగని చొక్కాతో ఉంది. వెనక దిగినవాడు తొగార్. అతను దిగుతుంటే పడవ ఒక పక్కకు ఒరిగి, బరువు పోయాక హమ్మయ్య అన్నట్టు లేచింది. బతక్ తెగ మనిషి, గొంతు నది అవతలికి వినబడుతుంది. కాళ్ళకు నల్లటి ఆఫీసు బూట్లు.

"నా సైజు రబ్బరు బూట్లు ఈ రాష్ట్రంలో దొరకవు తాతా, అలా చూడకు" అన్నాడు తొగార్.

"ఆ బూట్లతో గంబుత్ మీదికి వస్తే..."

"వస్తే ఏమవుతుంది?"

"వెనక్కి మీరొస్తారు, బూట్లు రావు."

తొగార్ విరగబడి నవ్వాడు. నింగ్రుమ్ నవ్వలేదు. రేవు చెక్కల మీదే కూర్చుని పుస్తకాలు అడిగింది. తొమ్మిది పుస్తకాలు. జుంబెరి వాటిని సంచిలోంచి ఒక్కొక్కటీ తీసి, ఏడాది వరసలో పేర్చి ఇచ్చాడు. ఆవిడ పేజీలు తిప్పుతుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వానలో తడిసిన పేజీలు అప్పడాల్లా ముడుచుకుని ఉన్నాయి. ఒక పేజీ మీద జలగ రక్తపు మరక. ఒకచోట పెన్సిలు విరిగి, సగం వరస బొగ్గుతో రాసి ఉంది. ఒక్క పక్షం కూడా ఖాళీ లేదు.

ఆవిడ చివరి పుస్తకం మూసి తలెత్తి, పెద్దాయన్ని పిలిచినంత మర్యాదగా పిలిచింది.

"బాపక్, మిమ్మల్నొకటి అడుగుతాను. కోపం తెచ్చుకోకూడదు."

"అడగండి ఇబూ" అన్నాడు, అమ్మగారూ అన్నంత వినయంగా.

"ఏటా ఇంచుమించు మూడేసి సెంటీమీటర్లు దిగింది నీటిమట్టం. వానలు కుమ్మేసిన ఏడూ మూడే, ఎండలు మండిన ఏడూ మూడే. నేలలో నీళ్ళు మెట్లు దిగినట్టు దిగవు. ఇంట్లో కూర్చుని రాసే లెక్కలు ఇలా ఉంటాయి."

జుంబెరికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చెవులు వేడెక్కాయి. పొద్దున తెరిచిన పేజీ మీద ఆగిపోయిన పెన్సిలు గుర్తొచ్చి, చేయని తప్పుకు కూడా సిగ్గేసింది. భుజానికి చుట్టుకున్న ట్యూబును తీసి ఆవిడ ముందు పెట్టాడు.

"ఏ గొట్టమైనా ఎంచుకోండి. మీరే ఊదండి" అన్నాడు.

*

ఆవిడ పదిహేడు ఎంచుకుంది. అడవిలోపల, నాలుగో అడ్డుకట్టకు ఇవతల. కాలువలో, కట్టల మధ్య పడవ కోసం వదిలిన సందుల గుండా ముప్పావు గంట, ఆపైన దుంగల బాట. జుంబెరి ముందు నడిచాడు. ఎక్కడ కాలు వేస్తే దుంగ దొర్లుతుందో, ఎక్కడ నేల ఊపిరి తీసినట్టు పైకీ కిందికీ ఊగుతుందో అతని పాదాలకు తెలుసు. అడ్డుకట్ట దగ్గర ఒక నీలం లకుముకి పిట్ట నీళ్ళలోకి దూకి చేపతో లేచింది. ఎప్పుడైనా అయితే అతను ఆగి చూసేవాడు. ఈ రోజు చూసీ చూడనట్టు దాటాడు.

పదిహేడో గొట్టం దగ్గర నింగ్రుమ్ ట్యూబు అందుకుంది. దాన్ని గొట్టంలోకి దింపి ఊదింది. ఏమీ లేదు. దింపింది, ఊదింది. బుడబుడ. ఆవిడ మొహం మీదికి అనుకోకుండా ఒక నవ్వు వచ్చింది, చిన్నపిల్ల నవ్వు. తొమ్మిదేళ్ళలో ఆ చప్పుడుకు తనలా నవ్వినవాళ్ళను జుంబెరి చూడలేదు. ఒక్క క్షణం ఆవిడ మీద కోపం పోయింది.

"నూట అరవై మూడు" అంది ఆవిడ. పుస్తకం తెరిచి చూసింది. పోయిన పక్షం జుంబెరి రాసింది నూట అరవై రెండు. ఆవిడ ఆ అంకెను రెండుసార్లు చూసింది.

"క్షమించండి బాపక్. మీరు ఉన్నదే రాశారు."

"అవును ఇబూ."

"అంటే నీళ్ళు నిజంగానే అరవై మూడులో ఉన్నాయి." ఆవిడ గొంతు ఇంకా మెత్తబడింది. మెత్తబడినకొద్దీ జుంబెరికి భయం పెరిగింది. "అలాగైతే నేను రాసినది మార్చడానికి లేదు. కట్టలు పనిచేయడం లేదనే రాయాలి. మీ మీద కాదు, కట్టల మీద."

నిజం చెప్పినందుకు దక్కింది ఇది. అతనికి కట్టలు కనబడలేదు. గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడ్డ మనిషి కనబడింది. నాలుగో దగ్గు కోసం చెవి రిక్కించి పడుకునే రాత్రులు కనబడ్డాయి. తెరిచిన కాలువ, ఎండిన నేల, నేల కింద పాకే నిప్పు. ఎడంభుజం నుంచి మోచేయి దాకా ఏదో సన్నగా పాకింది. కుడిచేత్తో పిసుక్కున్నాడు.

అప్పుడే తొగార్ దుంగ మీంచి జారాడు. ఎడంకాలు గంబుత్‌లోకి మోకాలి దాకా దిగిపోయింది. "అయ్యయ్యో! తాతా! నీ నేల నన్ను తింటోంది!" అని అరిచాడు. జుంబెరి అతని చంకల కింద చేతులు వేసి లాగాడు. కాలు వచ్చింది. బూటు రాలేదు. చెయ్యి పెట్టి వెతికి లాగితే బూటు బయటపడింది. తొగార్ దాన్ని తలకిందులు చేశాడు. నల్లటి టీలాంటి నీళ్ళు ధారగా కారాయి.

తొగార్ నవ్వబోయి ఆగాడు. "ఇబూ, ఇటు చూడండి. నా కాలు మోకాలి దాకే దిగింది. అరవై మూడు సెంటీమీటర్ల కింద ఉన్న నీళ్ళు పైకెక్కి నా బూటులో ఎందుకు దూరాయి?"

నింగ్రుమ్ ఆ గోతి వైపు చూసింది. గొట్టం వైపు చూసింది. మళ్ళీ గోతి వైపు.

ఎవరి తప్పో తెలియనప్పుడు అది తన తప్పే అనుకోవడం జుంబెరికి చిన్నప్పటినుంచీ అలవాటు. "తప్పు నాదేనేమో ఇబూ" అన్నాడు. "ముసలాణ్ణయ్యాను. కుదించుకుపోయాను. మొదట్లో గొట్టం నా బొడ్డు దాకా ఉండేది, వంగి ఊదేవాణ్ణి. ఇప్పుడు రొమ్ము దాకా వస్తోంది. చెయ్యి సరిగా ఆడదు. ఎక్కడైనా కొలత తేడా పడిందేమో."

"మీరు కుదించుకుపోయారా?"

"మా ఆవిడ అంటుంది."

నింగ్రుమ్ కళ్ళు చిన్నవయ్యాయి. "మీ దగ్గర మోటారుసైకిల్ లైసెన్సు ఉందా? దాని మీద ఎత్తు రాస్తారు."

ప్లాస్టిక్ సంచిలో చుట్టి, పైన రబ్బరు వేసిన పర్సులోంచి లైసెన్సు బయటికొచ్చింది. పదమూడేళ్ళ కిందటిది. ఎత్తు నూట అరవై రెండు. బూట్లు విప్పించి, దుంగ మీద నిటారుగా నిలబెట్టి, తొగార్ అతని మడమ దగ్గరనుంచి తల మీద పెట్టిన పుస్తకం దాకా ఇనుప టేపు లాగాడు. జుంబెరి పెళ్ళికొడుకులా ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

"నూట అరవై ఒకటి" అన్నాడు తొగార్. "ఒక్కటి తగ్గావు తాతా. అదీ జుట్టు రాలి."

ఎవరూ నవ్వలేదు. నింగ్రుమ్ టేపు లాక్కుని గొట్టం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. ఆవిడ తెల్లటి లాగు నల్లగా నానిపోతున్నా చూసుకోలేదు. నేలనుంచి గొట్టం అంచు దాకా టేపు లాగింది. మూడుసార్లు కొలిచింది.

"నూట ఇరవై ఎనిమిది."

ఆవిడ గొట్టాన్ని అరచేత్తో నెట్టి చూసింది.

"గొట్టాన్ని అడుగునున్న బంకమన్ను దాకా దింపి పాతారు. అది కదలదు" అంది ఆవిడ, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు. "చుట్టూ ఉన్న గంబుత్ తొమ్మిదేళ్ళలో ఇరవై ఎనిమిది సెంటీమీటర్లు కుంగింది. మీరు తగ్గలేదు బాపక్. మీ కాళ్ళ కింద నేల దిగిపోయింది. గొట్టం బయటికి తేలుతూ వచ్చింది. ఆఫీసువాళ్ళు మాత్రం ఆ గడిలో వంద అనే అచ్చు వేస్తూ పోయారు."

"నేనడిగాను ఇబూ, మూడో ఏడు. ఆ గడి మనం రాయొద్దా అని. అచ్చయింది ముట్టుకోవద్దన్నారు."

"నూట అరవై మూడులోంచి నూట ఇరవై ఎనిమిది పోతే?"

జుంబెరి వేళ్ళు తొడ మీద కదిలాయి. "ముప్ఫై ఐదు." మళ్ళీ అన్నాడు, ఎవరో వేరేవాళ్ళ గొంతుతో. "ముప్ఫై ఐదు ఇబూ!"

"నలభైకి లోపలే. కట్టలు పనిచేస్తున్నాయి." ఆవిడ లేచి నిలబడింది. మొహంలో సంతోషం లేదు, తొందర ఉంది. "కానీ ఒక్క గొట్టంతో కుదరదు. ఈ ఒక్కటీ తేడాగా పాతారంటారు. ఇరవై నాలుగూ కొలవాలి. రేపు పొద్దున తొమ్మిదికి రాజధానిలో నివేదిక మీద సంతకాలు. నా పడవ ఐదింటికి వెళ్ళిపోతుంది. ఇదెంత పని?"

"రెండ్రోజుల పని."

"గడువు పెంచమని అడిగి చూస్తా" అంది ఆవిడ. ఇస్తారన్న నమ్మకం ఆ గొంతులో లేదు.

పదకొండవుతోంది. జుంబెరి బూట్లు తొడుక్కున్నాడు. "ఇబూ, పదండి" అన్నాడు.

*

ముందు ఊరి వైపు ఉన్నవి, తర్వాత లోపలివి. తొగార్ పడవ నడిపాడు, దిగిన ప్రతిచోటా కూరుకున్నాడు, బూట్లను తిట్టాడు, ఆఖరికి రెండూ కాలువలోకి విసిరేసి ఉత్తకాళ్ళతో నడిచాడు. జుంబెరి ఊదాడు, నింగ్రుమ్ గొట్టం ఎత్తు కొలిచి రాసింది. వచ్చే ఏడు నేల ఇంకెంత కుంగిందో తెలియాలి కదా, నేల తగిలినచోట గొట్టానికి ఏదైనా గుర్తు పెడదామంది. పడవలో ఎర్ర ప్లాస్టిక్ పురికొస ఉండ ఒకటి దొరికింది. ప్రతి గొట్టానికీ నేలతో సమంగా రెండు చుట్లు చుట్టి, ముడివేసి, కత్తితో తెంపడం జుంబెరి వంతు.

"తొమ్మిది. నూట యాభై ఆరు. ఎత్తు నూట ఇరవై రెండు."

"ముప్ఫై నాలుగు" అన్నాడు జుంబెరి, ఆవిడ కాగితం మీద వేసేలోపు.

"పన్నెండు. నూట అరవై ఆరు. నూట ఇరవై నాలుగు."

"నలభై రెండు." గొంతు తగ్గింది.

"ఒకటీ అరా పరవాలేదు."

మధ్యాహ్నం ఎండ ఆకుల్లోంచి సూదుల్లా దిగుతోంది. మసితా కట్టిచ్చిన అన్నం అరిటాకు పొట్లంలోనే ఉంది. తొగార్ రెండుసార్లు దానివైపు ఆశగా చూశాడు. "తినండి" అని ఇచ్చేశాడు జుంబెరి. తనకు ఆకలి లేదు. రొమ్ము మధ్యలో ఒక దుంగ పెట్టినట్టుంది. ఈ కాలువ తవ్విన రోజుల్లో ఇలాంటి దుంగలు రెండేసి భుజాన వేసుకునేవాడు. అప్పుడు తవ్వడం ఎంత తేలిక. ఒక్కో పారకు ఒక్కో పెడ్డ, నీళ్ళు వాటంతటవే వచ్చి పారలోకి దూకేవి. అవి ఎక్కడికి పోతున్నాయని ఎవరూ అడగలేదు, తనూ అడగలేదు.

"బాపక్, మొహం పాలిపోయింది. కాసేపు కూర్చోండి."

"ఇక్కడ కూర్చుంటే చీమలు ఇబూ."

ఇరవైరెండో గొట్టం దగ్గర అతను ఊదితే చప్పుడు రాలేదు. ట్యూబు దింపాడు, ఊదాడు. నీళ్ళకు అందినట్టు చేతికి తెలుస్తూనే ఉంది. ఊపిరే చాలలేదు. నింగ్రుమ్ ట్యూబు తీసుకుని తానే ఊదింది. బుడబుడ. అతను వెనక్కి తిరిగి చెమట తుడుచుకున్నాడు. చేతిగుడ్డ తడిసి ముద్దయింది.

"ముప్ఫై ఎనిమిది" అన్నాడు, అటు తిరిగే.

ఇరవైమూడు అయ్యేసరికి మూడున్నర. నింగ్రుమ్ దుంగ మీద కూర్చుని లెక్క వేసింది. అంతవరకూ చూసినవాటిలో పంతొమ్మిది నలభైకి లోపల, నాలుగు కొంచెం పైన. సంచిలోంచి ముసాయిదా తీసి, ఏడో బ్లాకు పేజీ మడిచి, ఆ ఒక్క వాక్యం మీద అడ్డంగా గీత గీసింది. పక్కన చిన్న అక్షరాలతో కొత్తది రాసి సంతకం పెట్టింది. రాసింది పైకి చదివింది: "పాత లెక్కల్లో గొట్టం ఎత్తు తప్పు. సరిచేసి చూడగా అడ్డుకట్టలు నీటిని నిలుపుతున్నాయి. వాటిని కదిలించరాదు."

"అయితే కట్టలు ఉంటాయా?"

"నేల కుంగడం మంచిది కాదు, అదీ రాస్తాను. కట్టలు లేకపోతే ఇంకెంత కుంగేదో కూడా రాస్తాను." ఆవిడ కలం మూత పెట్టింది. "ఉంచమని నేను రాశాను. దీన్ని చెరిపేయాలంటే నా సంతకం కావాలి. అది వాళ్ళకు దొరకదు."

జుంబెరి తల ఊపాడు. ఇంకేమైనా అనాలనిపించింది. మసితా దగ్గు గురించి చెప్పాలనిపించింది. చివరికి, "ఇంకొకటుంది ఇబూ" అన్నాడు.

"ఇరవైమూడు చాలు బాపక్. ఆ ఒక్కటీ వదిలేద్దాం."

"తొమ్మిదేళ్ళలో ఎప్పుడూ ఒకటి వదల్లేదు."

*

ఇరవై నాలుగో గొట్టం కాలువ చివర, ఆరో అడ్డుకట్టకు ఆనుకుని ఉంది. అడ్డుకట్ట వెనక నీళ్ళు నల్లగా, కదలకుండా, ఆకాశాన్నంతా పట్టుకుని నిలబడ్డాయి. తొగార్ పడవను కట్టకు కట్టేసి, కాళ్ళు నీళ్ళలో పెట్టి, హాయిగా ఏదో కూనిరాగం తీస్తున్నాడు. మసితా పొట్లంలో మిగిలిన చేపముల్లు చీకుతున్నాడు.

జుంబెరి ట్యూబు దింపాడు. ఈసారి తానే ఊదుతానన్నాడు. రొమ్ము నిండా గాలి పీల్చుకోవడానికి చాలాసేపు పట్టింది. పెదాలు ఆనించాడు. నీళ్ళు పలికాయి. పొద్దున పెరట్లో పలికినట్టే, అంతకంటే దగ్గరగా.

"నూట యాభై రెండు" అన్నాడు.

నింగ్రుమ్ వంగి టేపు లాగింది. "నూట ఇరవై ఒకటి. ఇవన్నీ కలిపి పట్టిక వేసుకుంటాను, మీరు గుర్తు కట్టేయండి" అంటూ అడ్డుకట్ట వైపు నడిచి, పడవ అంచు మీద కూర్చుని కాగితాలు ఒళ్ళో పరుచుకుంది.

"ముప్ఫై ఒకటి" అన్నాడు జుంబెరి, వెనకనుంచి.

"అన్నింటిలోకీ మంచిది" అంది ఆవిడ, రాస్తూ.

"ఆవిడకు చెప్పాలి" అన్నాడు అతను. ఎవరికని ఆవిడ అడగలేదు. పట్టికలో ఆరో వరస దగ్గరుంది.

పురికొస గొట్టం చుట్టూ ఒకసారి తిరిగింది. రెండోసారి తిరిగింది. అతను మోకాళ్ళ మీద కూర్చుని, నేలకు సమంగా దాన్ని సర్ది, ముడి బిగించాడు. గంబుత్ మెత్తగా, వెచ్చగా ఉంది. కాసేపు కూర్చుంటే బాగుండుననిపించింది. గొట్టానికి వీపు ఆనించి కూర్చున్నాడు. ఎదురుగా నిండిన కాలువ. లకుముకి పిట్ట ఎక్కడినుంచో వచ్చి అడ్డుకట్ట గుంజ మీద వాలింది. ఈసారి తీరిగ్గా చూశాడు. దాని నీలం, పొద్దున మసితా కట్టుకున్న చీటిగుడ్డ లుంగీ నీలం లాంటిది.

తొగార్ కూనిరాగం అయిపోయింది. "తాతా, ఐదింటికి ఊళ్ళో ఉండాలి, లేవాలి!" అని కేకేశాడు. "తాతా, గొట్టం చూడు, మళ్ళీ నీ నెత్తి దాకా వచ్చేసింది!"

జవాబు రాలేదు. నింగ్రుమ్ కాగితాల మీంచి తలెత్తింది. జుంబెరి గొట్టానికి ఆనుకుని, కాళ్ళు చాపుకుని, కాలువ వైపే చూస్తున్నాడు. ఆవిడ కలం పడవలో పడిపోయింది. తొగార్ ఉత్తకాళ్ళతో పరుగెత్తాడు, ఈసారి ఎక్కడా కూరుకోలేదు.

చాలాసేపు ఊపిరి అందించి చూశారు. రొమ్ము నొక్కి చూశారు. ఆఖరికి తొగార్ అతన్ని రెండు చేతుల మీదా ఎత్తుకున్నాడు. "బరువే లేడు ఇబూ" అన్నాడు, ఎప్పుడూ లేనంత చిన్న గొంతుతో. పడవ అడుగున నింగ్రుమ్ తన పైవస్త్రం పరిచింది. వాళ్ళు వెళ్ళిపోయాక మోటారు చప్పుడు కాలువ వెంట చాలాసేపు వినిపించి, వంపు దగ్గర ఆగిపోయింది.

ఇరవై నాలుగో గొట్టం మొదట్లో ఎర్ర పురికొస ముడి గట్టిగా బిగిసి ఉంది. దాని రెండో కొస ఇంకా తెంపలేదు, నాచు మీద మెలికలు తిరుగుతూ పోయి, సగం తరిగిన ఉండలోకి చేరింది.